బయట నిలబడే వేలు

బంతి దగ్గర మొదలైన మాట బర్రె దగ్గరికి వచ్చి నిలబడింది. కొడుకు రాజేశ్వర్ నిజామాబాద్ పోయినప్పుడు తెచ్చిన ఎర్ర రబ్బరు బంతి నీళ్ల గోలెం పక్కన పడి ఉంది. దవాఖానలో డాక్టరు బంతి పిసకమన్నాడని అతనంటాడు. మెత్తటిదేదైనా పిసకమన్నాడు గాని బంతే అనలేదని గంగమణి అంటుంది, ఒడిలో ఉన్న కాలువ మట్టి ముద్దను మాత్రం వదలదు. నలభై దాటిన తల్లి వాకిట్లో కూర్చుని చిన్నపిల్లలా మట్టి పిసుకుతుంటే, తను పనిచేసే పంచాయతీ సమితి ఆఫీసు వాళ్లెవరైనా వచ్చి చూస్తే ఏమనుకుంటారని అతని బాధ. వాళ్లు వచ్చినప్పుడు బంతి పట్టుకుంటాను, పోయాక మట్టి పట్టుకుంటాను అని ఆమె అనేసరికి కోడలు రాధాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. అంతవరకూ ఇద్దరి మాటలకూ తలూపుతూ గోడకు ఆనుకుని కూర్చున్న భర్త పోచన్న అప్పుడు నోరు విప్పాడు. "బంతయితేంది, మట్టయితేంది. ఆ చెయ్యి ఇగ పాలు పిండే చెయ్యి కాదు. సుక్కి ఎవ్వల్ని దగ్గరికి రానిస్తలేదు. పొద్దుగాల తండా నుంచి లచ్చిరాం వస్తడు, కొనుక్కొని తోలుకపోతడు. అందరికి తిప్పలు తప్పుతది." అన్నవాడు తనే తలెత్తలేక బీడీ కోసం జేబు తడుముకున్నాడు. రాజేశ్వర్ సైకిలు తుడవడం మొదలుపెట్టాడు. గంగమణి మట్టి ముద్దను ఇంకోసారి పిసికింది. పొద్దు చింతచెట్టు మీదికి దిగుతోంది. మేతకు పోయిన బర్రె సుక్కి తిరిగి రావడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంట తనకు కావాలి, ఎవరితోనూ మాట్లాడకుండా కావాలి, ఎందుకంటే ఈ మాపు కొట్టంలోకి పోయి తనే కూర్చోవాలని మధ్యాహ్నం నుంచి మనసులో పెట్టుకుంది, చెబితే వద్దంటారు, ఈ మాపు కాకపోతే రేపు కూర్చోవడానికి సుక్కి ఉండదు.

బంతి దొంగ వస్తువని ఆమెకు పట్టుకున్న మొదటిసారే తెలిసింది. దాన్ని గట్టిగా నొక్కితే అది లోపలికి పోతుంది, వదిలితే మళ్లీ గుండ్రంగా అవుతుంది, ఏ వేలు నొక్కిందో ఏ వేలు నొక్కినట్టు నటించిందో చెప్పదు, చూపుడువేలూ నడిమివేలూ కష్టపడుతుంటే మిగతా రెండూ వాటి చాటున దాక్కుని పేరు పంచుకుంటాయి, పెళ్లి పందిట్లో పని చేసేవాళ్ల మధ్య తిరుగుతూ అలసిపోయామనే చుట్టాల్లాగా. మట్టి అట్లా కాదు. గుప్పిట విప్పితే ముద్ద మీద నాలుగు గుంటలు ఉంటాయి. పై గుంట లోతు, రెండోది ఇంకా లోతు, మూడోది కోడిపిల్ల తొక్కినంత, నాలుగోది లేనట్టే. ఇవాళ నాలుగోదానిలో చిన్న నీడ కనిపిస్తోంది. లేక పొద్దు వాలడం వల్లనా. ముద్దను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఉంది, కొంచెం ఉంది. గుంటలు చెరిపేసి, మళ్లీ ముద్ద చేసి, ఈసారి మిగతా వేళ్లను చాచి ఉంచి ఒక్క చిటికెనవేలినే మడిచి నొక్కింది. దానితోపాటు పక్కవేలు కూడా రాబోయింది, ఎడమచేత్తో దాన్ని పట్టి ఆపింది, నువ్వు కాదు, నీ వంతు అయిపోయింది. మోచేతి దాకా సన్నగా ఒక తీగ లాగినట్టయింది. మట్టి వాసన ముక్కుకు తగిలింది, కాలువ అడుగు వాసన, నాచు వాసన, ఆ వాసనతోనే తను పడింది.

మాఘమాసం మంచు ఇంకా ఆరలేదు, నెత్తి మీద పచ్చిగడ్డి మోపు, తూము దగ్గర రాయి మీద అడుగు వేసింది, ఆ రాయి మీద ఎన్నేళ్లుగా వేసిందో ఆ అడుగు. మోపు ముందు పోయింది, తర్వాత తను, చెయ్యి కింద. నొప్పి కన్నా ముందు గడ్డి కాలువలో కొట్టుకుపోతుందనే తొందర గుర్తుంది, నిజాంసాగర్ నీళ్లు నిండుగా పోతున్నాయి, గడ్డి పరకలు విడివిడిగా తేలుతూ వర్ని దిక్కు పోతుంటే సుక్కి మేత పోతోందే అనుకుంది. తర్వాత దవాఖానలో తెల్ల సుద్ద కట్టు, మోచేతి నుంచి వేళ్ల కణుపుల దాకా. కట్టు తీసిన రోజు లోపలి నుంచి బయటికి వచ్చిన చెయ్యి తనది కాదు. సన్నగా, పొట్టు రాలుతూ, ఊరికి కొత్తగా వచ్చిన మనిషిలాగా ఉంది. మడవమన్నాడు డాక్టరు. మడిచింది అనుకుంది, చూస్తే వేళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన నవ్వలేదు, మంచివాడు, ఒక్కో వేలినీ పట్టుకుని మడిచి చూపించి, అన్నిటినీ కలిపి ఒకేసారి కాదమ్మా, ఒక్కోదానికీ విడిగా పని చెప్పాలి అన్నాడు. ఆ మాట వినగానే దవాఖాన బల్ల మీద కూర్చునే నవ్వుకుంది గంగమణి. ఆ మాట ఆమె అంతకుముందే విన్నది, ఇదే వాకిట్లో, పదిహేనేళ్ల వయసులో, పసుపు బట్టలు ఇంకా మాయకముందు.

ఆమె పుట్టిల్లు రుద్రూర్ లో మగ్గాల ఇల్లు, పాలు కొనుక్కుని తాగేవాళ్లు. అత్తగారింటికి వచ్చాక అత్త అంజవ్వ బర్రె కింద కూర్చోబెడితే గంట పిండినా గిన్నె అడుగు తడవలేదు, బర్రె తల తిప్పి జాలిగా చూసింది. మర్నాడు అంజవ్వ కాలువ నుంచి ఒండ్రు మట్టి తెచ్చి, నువ్వుల నూనె చుక్క వేసి పిసికి, ఆమె చేతిలో పెట్టింది. కొత్త కోడలి వేళ్లు పట్టుకుని ఒక్కోదానికీ పేరు పెట్టింది. "గీ చూపుడువేలు మీ మామ. ఏడికి పోయినా ముందుగల్ల తనే పోవాలె. పైన దారి మూస్తడు, పాలు ఎనుకకు పోవు. గిది నీ పెనిమిటి, పొడుగైతె ఉన్నడు గని ఒక్కనితోని ఏం గాదు. గిది నీ మరిది, పక్కోడు లేవనిది లేవడు. గీ చిన్నది నువ్వు. చిన్నగున్నననుకోకు, ఆఖరి సుక్క నీతోనే పడుతది." మరి నువ్వేదత్తా అని అడిగితే బొటనవేలు చూపించింది. "నేను గిది. నేను బయట నిలవడి ఆసర ఇయ్యాలె. లోపటికి దూరిన్ననుకో, నీకు నొస్తది, బర్రెకు నొస్తది." అప్పుడు నవ్వొచ్చింది. మామ, మొగుడు, మరిది వరుసగా మట్టిలో దిగబడుతుంటే నవ్వొచ్చి, పోచన్న వాకిట్లోకి వస్తే ఆ వేలిని చటుక్కున మడిచి దాచుకునేది. ఎందుకు నవ్వుతున్నదవ్వా నీ కోడలు అని అతను అడిగేవాడు. అంజవ్వ చెప్పేది కాదు. ఇప్పటికీ అతనికి తెలియదు, ఆ నడిమివేలు తనేనని.

అతను ఇప్పుడు బీడీ దొరక్క, చెయ్యి ఊరుకోక, గోలెం పక్క బంతిని తీసుకున్నాడు. పిసుకుతున్నాడు. తను పిసుకుతున్నట్టు తనకే తెలియదు. గంగమణి కంటి చివర నుంచి చూసి ముద్ద వైపు తల తిప్పుకుంది. ఆ చేతులు, నాగలి పట్టి కాయలు కాసిన ఆ చేతులే కట్టు ఉన్నన్నాళ్లూ తన జుట్టు ముడేశాయి. కోడలు ఉంది, కాని కొత్త కోడలితో జుట్టు దువ్వించుకోవడం ఏమిటని తను సిగ్గుపడితే, తెల్లవారుజామున తలుపు దగ్గరికి వేసి, బర్రె తలుగుతాడు మెలేసినట్టు మెలేసి కొప్పు పెట్టేవాడు. మధ్యాహ్నానికి ఊడిపోయేది. మళ్లీ పెట్టడానికి కుదరదు, పగలు, అందరూ ఉంటారు, అందుకని తను కొంగు కప్పుకుని తిరిగేది, అతను దూరం నుంచి ఆ కొంగు వైపు దిగులుగా చూసేవాడు, తన నాట్లు సరిగా పాతుకోలేదన్నట్టు. ఈ మనిషే రేపు పొద్దున బర్రెను అమ్ముతానంటున్నాడు. కోపం రాదు. సుక్కి మొన్న తన్నిన తన్నుకు గిన్నె ఎగిరి రాధ భుజానికి తగిలింది, ఆ రోజు నుంచి అతనికి అన్నం సరిగా పోవడం లేదు. పరాయింటి పిల్లను తెచ్చుకుని బర్రె కాళ్ల కింద పడేశామంటారని భయం. అందరూ బాగుండాలని అమ్ముతున్నాడు, అందుకే అతనితో కొట్లాడటం కష్టం.

జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడూ అంతే, పోచన్న చెడ్డ ఉద్దేశంతో అనలేదు. అప్పుడు ఆమె చెయ్యి కట్టులోనే ఉంది. ఇంటామె ఏం పని చేస్తుంది అని ఆ మనిషి అడిగితే, ఏం పని లేదు, ఇంట్లనే ఉంటది అన్నాడు పోచన్న. నిజమే, ఆ రోజు ఏ పనీ లేదు. తలుపు చాటున నిలబడి వింటే కట్టు ఒక్కసారి బరువెక్కినట్టయింది. చూపు ఆనని అంజవ్వ అరుగు మీద నుంచి, పాలు పిండుతదని రాయమని గట్టిగా చెప్పింది, బస్టాండు కాడ చందర్ హోటల్ల చాయ తాగినవా, తాగితె మా కోడలు పిండిన పాలే తాగినవ్ అని కూడా చెప్పింది. ఆ మనిషి రాశాడో లేదో. రాసి ఉంటే ఇప్పుడు ఆ రాసింది అబద్ధం, ఆ హోటల్ కు ఈ ఇంటి పాలు పోవడం తగ్గిపోయింది, మొన్నటి నుంచి అసలే లేదు.

రాధ నీళ్ల బిందె చంకన పెట్టుకుని వచ్చి గోలెంలో పోసింది. బిందె అంచును నాలుగు వేళ్లతో పట్టుకుంది, బొటనవేలు ఎడంగా గాలిలో ఉంది. బోధన్ పట్నం పిల్ల, అన్నీ నాజూకుగా చేస్తుంది. కట్టు కట్టిన నెలలోనే పెళ్లి, ముహూర్తం మార్చడానికి వీల్లేకపోయింది, వచ్చిన వారం నుంచి బర్రె ఆ పిల్ల చేతిలో పడింది. నేర్పడానికి తను పోతే సుక్కి తన వైపే చూస్తూ పాలు పైకి ఎగబట్టేది, చేపేది కాదు, తన గొంతు వింటే చాలు. దూడగా ఉన్నప్పుడు తన ఒళ్లో పడుకున్న బర్రె, దాని తల్లినీ తనే పిండింది, అది ఇంకొకరి చేతికి అలవాటు పడాలంటే తను కనబడకూడదని అందరూ అనుకున్నారు. తనూ ఒప్పుకుంది. పాలు పిండే వేళకు లోపలి అర్రలో తలుపేసుకుని కూర్చునేది, గొంతు వినబడకుండా దగ్గు కూడా ఆపుకునేది. కొట్టంలో ఏం జరుగుతుందో చూసినవాళ్లు లేరు. మొదట్లో పాలు బాగానే వచ్చాయి. తర్వాత తగ్గాయి, తర్వాత కాలు ఎత్తడం, తర్వాత తన్నడం. సప్పుడు బాగలేదు, సప్పుడు బాగలేదు అని అంజవ్వ అరుగు మీద గొణుగుతుంటే ముసలామెకు చెవులు కూడా పోయాయనుకున్నారు. సప్పుడు. గంగమణి చేతిలో మట్టి ఆగిపోయింది. ఏ సప్పుడు? మంచి చేతి కింద పాలు తెగకుండా పడతాయి, గిన్నెలో లావుగా, నురగలోకి దిగేటట్టు. సప్పుడు ఎప్పుడు పాడవుతుంది? ఎదురుగా రాధ ఖాళీ బిందె ఎత్తుకుంది. నాలుగు వేళ్లు. బొటనవేలు గాలిలో.

గంటల చప్పుడు వినిపించింది. మంజీర దిక్కు నుంచి వచ్చే బర్రెల దుమ్ములో నొసటి మీద తెల్ల చుక్కతో సుక్కి అందరికన్నా ముందు వచ్చింది, తిన్నగా కొట్టంలోకి పోయి గుంజ దగ్గర నిలబడింది. గంగమణి మట్టిని ఒడిలోంచి తీసి అరుగు మీద పెట్టి చెయ్యి కడుక్కుంది. గిన్నె తీసుకుంది, ఎడమచేత్తో. రాజేశ్వర్ సైకిలు వదిలి లేచాడు, అమ్మా వద్దన్నాడు. పోచన్న బంతి పట్టుకునే సగం లేచాడు. అంజవ్వ అరుగు మీద నుంచి, పోనియ్యుండ్రి అన్నది, అంతే. లోపల కుడితి వాసన, జొన్న సొప్ప వాసన, తన వాసన సుక్కికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు, ముక్కు ఎగరేసి, మెడ తిప్పి, చెవులు ముందుకు పెట్టింది. దూడను విడిచి, చేపాక పక్కకు కట్టి, ముక్కాలి పీట వేసుకుని దాని కడుపుకు తల ఆనించింది. ఆ వెచ్చదనానికి కళ్లు మూసుకుపోయాయి. వేళ్లకు వెన్న రాసుకుని ముందటి చన్నులు పట్టుకోబోయి, అలవాటు కొద్దీ పట్టుకునే ముందు కింది నుంచి పైకి తడిమింది. నడుమ ఒకచోట గట్టిగా తగిలింది. సుక్కి ఉలిక్కిపడి కాలు కదిపింది, ఎత్తలేదు. వెనకటివి తడిమింది. అవి ఇంకా అన్యాయం, పగిలి పుండ్లు పడ్డాయి. అన్నిటికీ ఒకేచోట, ఒకేవైపు, కణుపు రాసుకుని రాసుకుని కాసిన కాయ. తన్నదా మరి. సుక్కి చోట తనే ఉంటే ఎప్పుడో తన్నేది.

పిండింది. ముందటి రెండే, కాయను తప్పించి, మెల్లగా. మామ దారి మూశాడు. పెనిమిటి నొక్కాడు. మరిది, పక్కవాడు లేచాడు గనుక లేచాడు. చిన్నది వచ్చింది, వణుకుతూ వచ్చింది, వచ్చి ముట్టుకుని పోయింది, మళ్లీ వచ్చింది. గిన్నెలో మొదటి ధార ఖాళీ అడుగుకు తగిలి మోగింది, తర్వాత లావుగా, తెగకుండా, కుడిచేతి ధార ఎడమదాని కన్నా సన్నమే, అయినా తెగకుండా. వాకిట్లో నుంచి అంజవ్వ, "ఇగ గిదీ సప్పుడు" అన్నది. గిన్నె సగానికి వచ్చేసరికి చిటికెనవేలు పోయింది. మడిస్తే మడవదు. మణికట్టు నుంచి మోచేతి దాకా మంట. ఆ మంటలోనే తెలిసింది, నాలుగు చన్నులూ తనే పిండే రోజు ఇవాళ కాదు, రేపూ కాదు, ఎప్పటికైనా వస్తుందో రాదో. ఏడుపు రాలేదు. దూడ మెడ నిక్కించి చూస్తోంది. ద్వారం దగ్గర నీడ పడింది.

"రాధా, ఇటు రా. చెయ్యి చూపియ్."

ఆ పిల్ల చేతిని కొంగులో చుట్టుకుంది. "ఏం లేదత్తమ్మా. రోలు తాకింది."

రోలు తగిలిన దెబ్బ గోరు మీద ఉంటుంది. కొంగు విప్పి చూస్తే బొటనవేలి కణుపు నల్లగా కమిలి, వాచి, సుక్కి చన్ను మీద ఉన్న కాయకు జత లాగా ఉంది. వేళ్లకు బలం లేక బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో లాగింది. అట్లా కాదని ఎవరూ చెప్పలేదు. రోజుకు రెండుసార్లు, బర్రెకూ నొప్పి, తనకూ నొప్పి, బయటికి వచ్చి గిన్నె కింద పెట్టి అత్తకు అన్నం కలిపి పెట్టింది, ఆ చేత్తోనే, ముద్దలు చేసి నోట్లో పెట్టింది, కట్టు ఉన్నన్ని రోజులూ. గంగమణి ఆ వేలి మీద వెన్న రాసింది. రోడ్డు మీద పోయే బోధన్ బస్సు హారన్ కొట్టింది, పుట్టిల్లు గుర్తొచ్చిందో ఏమో ఆ పిల్ల కళ్లలో నీళ్లు నిండాయి, లేక నొప్పికో. వెనకటి రెంటినీ దూడకు వదిలేయమని గంగమణి చెప్పింది, ఇవాళ్టికి దాని నాలుకే వాటికి మందు. ఇద్దరూ ఒకే పీట మీద సగం సగం కూర్చుని దూడ తాగడం చూశారు. సుక్కి ఎవరినీ తన్నలేదు.

బయటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. రాజేశ్వర్ గిన్నెలోకి చూశాడు. పోచన్న చూడలేదు, కొప్పు ఊడిన భార్య తల వైపు చూస్తున్నాడు, చేతిలో బంతి అట్లాగే ఉంది. గంగమణి గిన్నెను అరుగు మీద అంజవ్వ పక్కన పెట్టి కూర్చుంది. మట్టి ముద్దను తీసుకుని ఎడమచేత్తో నడిమికి తుంపి, ఒక సగాన్ని కోడలి చేతిలో పెట్టి, ఆ పిల్ల బొటనవేలిని మెల్లగా పట్టుకుని ముద్ద లోపలి నుంచి బయటికి తీసి నిలబెట్టింది. అంజవ్వ చీకటిలోనే చెయ్యి చాచి ఆ వేలిని తడిమి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరినీ ఉద్దేశించనట్టు, రేపటి వంట ఏమిటో చెప్పినట్టు, గంగమణి అందరికీ కలిపి చెప్పింది.

"సుక్కి ఏడికీ పోదు. పొద్దుగాల లచ్చిరాం వస్తె చాయ తాపి పంపుండ్రి. పుండ్లు మానేదాక ఎనుకటి రెండు దూడకే. మానినంక ముందటి రెండు నేను పిండుత, ఎనుకటి రెండు రాధ పిండుతది. దాని వేళ్లకు పనొచ్చినంక నాలుగు అదే పిండుతది. నేను పక్కన నిలవడుత."